చుట్ట గది తలుపు వేసినా వాసన ఇల్లంతా పాకుతోంది, ఏం చేయాలి? (కర్నూలు)

కేసీకాలువ_గట్టు
మా నాన్నకు చుట్ట అలవాటు. వయసు డెబ్బై దాటింది. కర్నూలులో మా ఇంటి కింది అంతస్తులో ఆయనకు ఒక గది ప్రత్యేకంగా ఇచ్చాం. 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు. చుట్ట ఆ గదిలోనే, అదీ తలుపు వేసుకునే కాలుస్తారు. అయినా వాసన హాల్లోకి వస్తోంది, అక్కడి నుంచి మెట్ల మీదుగా పై గదుల్లోకి ఎక్కుతోంది. గదికి పడమటి గోడలో కిటికీ, ఆ కిటికీలో కూలర్. దాని పక్కనే పైన 6 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్. తూర్పు వైపు తలుపు హాల్లోకి తెరుచుకుంటుంది.

సాంబ్రాణి వేశాం, కర్పూరం పెట్టాం, గది సువాసనకు కొట్టే స్ప్రేలు కొట్టాం. పన్నెండు వేలు పోసి ఎయిర్ ప్యూరిఫైయర్ కూడా కొన్నాం. పొగ కొంచెం పలచబడినట్టు ఉంటుంది కానీ వాసన మాత్రం అలాగే ఉంది. వచ్చే నెల మా అమ్మాయి కాన్పుకు వస్తోంది. ఆలోపు ఈ గది సంగతి తేల్చాలి.

చుట్ట మానమని చెప్పండి అనే సలహా దయచేసి వద్దు. ఆ మాట ఇంట్లో చాలాసార్లు అయింది. బయట కూర్చోమంటే ఎండ, మోకాళ్ల నొప్పులు. గదిని ఎలా సరిచేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

దేవుని_కడప
ఏసీ పెట్టించి కిటికీ బిగించేయండి. గది మూసేస్తే పొగ ఎక్కడికి పోతుంది?

మిద్దెఇల్లు
సాంబ్రాణి కూడా పొగే కదా అన్నా. పొగ మీద పొగ వేస్తే గదిలో రెండు పొగలు ఉంటాయి.

గాలిగొట్టం
దేవుని_కడప గారూ, ఏసీ వద్దు. ఇళ్లలో పెట్టే స్ప్లిట్ ఏసీ లోపలి గాలిని బయటికి పంపదు, బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే లాక్కుని చల్లబరిచి మళ్లీ వదులుతుంది. పొగలోని జిగురు లోపలి కాయిల్ మీద పేరుకుంటుంది. తర్వాత ఎవరూ చుట్ట వెలిగించకపోయినా ఏసీ వేయగానే ఆ వాసన మొహాన కొడుతుంది. నేను అనంతపురం, కడప వైపు హోటళ్లకు, ఆసుపత్రులకు గాలి గొట్టాల పని చేస్తాను. ఇలాంటి కాయిళ్లు కడిగినప్పుడు కారే నీళ్లు చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంటాయి.

కేసీకాలువ గారూ, మూడు సంగతులు చెప్పండి. నాన్నగారు చుట్ట కాల్చేటప్పుడు కూలర్ నడుస్తూ ఉంటుందా? తలుపు కింద సందు ఎంత? ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలి నేరుగా బయటికి పోతోందా, గొట్టంలోనా?

కేసీకాలువ_గట్టు
కూలర్ పొద్దున పది నుంచి రాత్రి దాకా నడవాల్సిందే. మే నెలలో కర్నూలులో అది లేకపోతే ఆ పడమటి గదిలో మనిషి ఉండలేడు. తలుపు కింద బొటనవేలు దూరేంత సందు ఉంది. ఫ్యాన్ గోడలోంచి నేరుగా పక్కింటికీ మాకూ మధ్య ఉన్న సందులోకి వదులుతుంది, గొట్టం లేదు.

గాలిగొట్టం
అయితే మీ ఇంట్లో వాసనను హాల్లోకి తోస్తున్నది కూలరే.

పెద్ద కూలర్ పెట్టె మీద చూడండి. గంటకు మూడు వేలో నాలుగు వేలో ఘనమీటర్ల గాలి అని రాసి ఉంటుంది. 6 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ గంటకు రెండు మూడు వందల ఘనమీటర్లు లాగితే గొప్ప. కూలర్ బయటి నుంచి అంత గాలిని గదిలోకి తోస్తుంటే ఈ చిన్న ఫ్యాన్ ఏ మూలకు? మిగిలిన గాలి ఎక్కడో ఒకచోటి నుంచి బయటపడాలి. మీ గదిలో దానికున్న దారి తలుపు సందే. నాన్నగారు తలుపు వేసుకున్నా పొగ కలిసిన గాలి ఆ సందులోంచి హాల్లోకి ఒత్తిడితో వెళుతోంది. గది నిండా గాలి బిగిసి ఉంది, హాల్లో అంత బిగువు లేదు. అందుకే ఆ దారి పట్టింది.

పొగ గదిలో దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండాలి. ఇంట్లోని గాలి గదిలోకి రావాలి, గదిలోని గాలి గోడ దాటి బయటికే పోవాలి. గదిలో ఒత్తిడి హాలు కన్నా ఎప్పుడూ కొంచెం తక్కువగా ఉండాలి. ఇది కుదరకుండా ఎన్ని మిషన్లు కొన్నా వాసన ఆగదు.

దేవుని_కడప
గాలి ఎంత ఎక్కువ వస్తే పొగ అంత పలచబడుతుంది కదా? కూలర్ తీసేయమనడం నాకు తిరకాసుగా ఉంది.

గాలిగొట్టం
గదిలో పలచబడుతుంది, నిజమే. ఆ పలచబడిన పొగ హాల్లోకి పోతోంది. ఈయన అడిగింది హాలు సంగతి.

కూలర్‌ను తీసేయమనలేదు, చోటు మార్చమంటున్నాను. దాన్ని హాలు కిటికీలో పెట్టండి. చల్లగాలి ముందు హాల్లోకి వస్తుంది, అక్కడి నుంచి నాన్నగారి గదిలోకి వెళుతుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాన్ని బయటికి లాగేస్తుంది. అదే కూలర్, అదే చల్లదనం, గాలి నడిచే వైపు మాత్రం మారుతుంది.

గాలిమర_అనంత
ఒక పరీక్ష ఉంది. తలుపు వేసి, హాలు వైపు నుంచి కింది సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పెట్టండి. దాని పొగ గదిలోకి వంగితే సరిగ్గా ఉన్నట్టు. మీ వైపుకు ఎదురొస్తే గాలిగొట్టం గారు చెప్పిందే నిజం.

కేసీకాలువ_గట్టు
ఇప్పుడే పెట్టి చూశాను. పొగ నా మొహం మీదికి వచ్చింది. కూలర్ ఆపి, ఫ్యాన్ ఒక్కటే వేస్తే గదిలోకి వంగింది, కానీ చాలా మెల్లగా.

మిద్దెఇల్లు
ఒక్క అగరుబత్తితో వ్యవహారం తేలిపోయింది. మరి పన్నెండు వేల ప్యూరిఫైయర్ సంగతి?

గాలిగొట్టం
ప్యూరిఫైయర్ చేసే పని అది చేస్తోంది, చేయలేనిది చేయడం లేదు. పొగలో రెండు రకాలు ఉంటాయి. ఒకటి సన్నటి రేణువులు, చాలా వరకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ రేణువులను కూడా 99.97 శాతం పట్టేస్తుంది. కంటికి పొగ పలచబడినట్టు కనిపించేది అందుకే. రెండోది వాయువులు, ఆవిరులు. వాసనంతా వీటిదే. ఇవి హెపాలోంచి దర్జాగా వెళ్లిపోతాయి. వీటిని పట్టడానికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అంటే కొబ్బరి చిప్పల నుంచి కూడా చేసే ఆ నల్ల బొగ్గు. ఇళ్లకు అమ్మే చాలా ప్యూరిఫైయర్లలో అది జల్లెడ మీద చల్లిన పొడిలా పలచగా ఉంటుంది. చుట్ట పొగకు కిలోల లెక్కన బొగ్గు కావాలి, అదీ నిండిపోయాక మార్చాలి. నిండిన బొగ్గు పట్టిన వాసనను మళ్లీ వదులుతుంది కూడా. కార్బన్ మోనాక్సైడ్‌నైతే ఇళ్లలో పెట్టే ఏ ప్యూరిఫైయరూ పట్టదు.

అందుకని ముందు గాలిని బయటికి పంపాలి, ఫిల్టర్ సంగతి ఆ తర్వాత.

ధర్మవరం_పట్టు
వాసన పట్టుకోవడం అంటే ఏమిటో పట్టుచీరల వ్యాపారంలో ఉన్నవాళ్లను అడగండి. మా కొట్టు వెనక గదిలో మా బాబాయి చుట్ట కాల్చేవారు. మధ్యలో గోడ ఉంది, తలుపు ఉంది. అయినా బీరువాలోని చీరలకు ఆ వాసన పట్టేది. పెళ్లికి తీసుకెళ్లిన చీరలు వెనక్కి తెచ్చినవాళ్లు ఉన్నారు. పట్టు, ఉన్ని, దూది, ఇవన్నీ వాసనను పీల్చుకుంటాయి. చివరికి ఆ గదిలోని సరుకంతా పైకి మార్చాం. కేసీకాలువ గారూ, నాన్నగారి గదిలో పరుపు, పరదాలు, బట్టల బీరువా ఉన్నాయా? ఉంటే గాలి దారి మార్చినా కొన్నాళ్లు అవి వాసన వదులుతూనే ఉంటాయి.

కేసీకాలువ_గట్టు
దూది పరుపు, రెండు దిండ్లు, మందపాటి పరదా, చెక్క బీరువా ఉన్నాయి. బీరువాలో ఆయన పంచెలు, శాలువలు.

ధర్మవరం_పట్టు
పరదా తీసేసి చెక్క తలుపులో, వెదురు తెరో పెట్టండి. బీరువాను గది బయట పెట్టండి. పరుపును పగలు ఎండలో వేయండి, మన ఎండలకు అది బాగా పనిచేస్తుంది. కుదిరితే ఆయన పడుకునే చోటు, చుట్ట కాల్చే చోటు వేరు చేయండి. నవారు మంచమైతే నవారు విప్పి ఉతుక్కోవచ్చు, పరుపును ఉతకలేం.

మిద్దెఇల్లు
మా జేజినాయన ఇల్లు నందికొట్కూరు వైపు. మట్టి మిద్దె. వంటింటి నడుమ పైకప్పులో గవాక్షి ఉండేది, మా ఊళ్లో గవాచి అనేవాళ్లు. వానొస్తే బండ కప్పేవాళ్లు, తెరిపిస్తే తీసేవాళ్లు. పొయ్యి పొగ, ఆయన చుట్ట పొగ అందులోంచే పైకి పోయేవి. వేడిగాలి పైకి లేస్తుంది, దానికి పైన దారి ఇచ్చారు. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. ఇప్పుడు ఆర్‌సీసీ కప్పు వేసి, నాలుగు వైపులా బిగించి, పొగ పోవడం లేదని బాధపడుతున్నాం.

గాలిమర_అనంత
మిద్దెఇల్లు గారూ, ఆ గవాక్షి ఉన్న ఇళ్లలో దూలాలన్నీ నల్లగా మసిబారి ఉండేవి. పొగ కొంత పోయేది, అంతా పోయేది కాదు. మా అవ్వ జీవితమంతా ఆ పొగలోనే దగ్గుతూ గడిపింది.

మిద్దెఇల్లు
అది నిజమే. పొయ్యి పొగ ఆడవాళ్ల ఊపిరితిత్తులను తినేసింది. నేను చెప్పింది పైన దారి గురించే.

గాలిగొట్టం
పైన దారి మంచిదే, కానీ దాన్నే నమ్ముకోకూడదు. మే నెల మధ్యాహ్నం లోపల కన్నా బయటే వేడి. అప్పుడు లోపలి గాలి దానంతట అది పైకి లేవదు. ఫ్యాన్ తప్పదు.

లెక్క చెబుతాను. 12 × 10 × 10 అంటే 1,200 ఘనపుటడుగులు, దాదాపు 34 ఘనమీటర్లు. చుట్ట కాల్చే గదిలో గాలి గంటకు కనీసం 15 సార్లు మారేలా చూస్తాను నేను. అంటే గంటకు సుమారు 510 ఘనమీటర్లు, సీఎఫ్‌ఎంలో (నిమిషానికి ఘనపుటడుగుల్లో) 300. పెట్టె మీద రాసిన అంకె ఎదురు ఒత్తిడి లేనప్పటిది. రెక్కల మూత, జాలీ, గొట్టం వంపులు కలిస్తే తగ్గుతుంది. అందుకని గంటకు 700, 800 ఘనమీటర్లు అని రాసి ఉన్నది తీసుకోండి. 9 అంగుళాల ఫ్యాన్లలో అంత దొరుకుతుంది. దాన్ని ఇప్పుడు కూలర్ ఉన్న కిటికీ పై భాగంలో పెట్టించండి, తలుపుకు ఎదురుగా వస్తుంది. 6 అంగుళాల పాత ఫ్యాన్ రంధ్రం మూసేయండి. లేకపోతే కొత్త ఫ్యాన్ ఆ రంధ్రంలోంచే బయటి గాలిని లాక్కుని మళ్లీ బయటికి తోస్తుంది, గదిలోని పొగ గదిలోనే ఉంటుంది.

తలుపు కింద బొటనవేలు సందు అంత గాలికి సరిపోదు. తలుపు అడుగు భాగంలో అడుగు చదరం జాలీ పెట్టించండి, దానికి లోపలికి మాత్రమే తెరుచుకునే రెక్కలు ఉంటే మంచిది. కుర్చీ కిటికీ వైపు ఉండాలి. తలుపు దగ్గర కూర్చుని కాలిస్తే పొగ గదంతా దాటుకుని పోవాలి. సీలింగ్ ఫ్యాన్ జోరుగా తిప్పితే పైకి లేచిన పొగను మళ్లీ కిందికి కలిపేస్తుంది. ఉక్కగా ఉంటే తలుపు వైపు నుంచి కిటికీ వైపుకు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టండి.

చుట్ట ఆరిపోయాక కూడా ఫ్యాన్ అరగంట నడవాలి. పొగ గాలిలో బాగా కలిసిపోయి ఉంటే గాలి ఒక్కసారి మారితే అప్పటికి ఉన్నదానిలో 63 శాతమే పోతుంది, మూడు మార్పులకు మొత్తం 95 శాతం. గంటకు 15 మార్పుల గదిలో మూడు మార్పులంటే 12 నిమిషాలు. మిగిలినదానికి ఇంకొంత సేపు.

నాలుగో_ఫ్లాట్
అందరూ గదిలోంచి బయటికి పంపమంటున్నారు. బయట ఎవరుంటారు? మా పక్కింటివాళ్ల ఎగ్జాస్ట్ సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురుగా ఉంది. వాళ్ల ఇల్లు శుభ్రం, మా పప్పులో పొగాకు వాసన. ఎన్నిసార్లు చెప్పినా మా గోడ మా ఇష్టం అంటారు. కేసీకాలువ గారూ, మీ ఫ్యాన్ సందులోకి వదులుతుందని రాశారు. ఆ సందుకు అవతల ఎవరి కిటికీ ఉందో ఒకసారి చూడండి.

కేసీకాలువ_గట్టు
అవతల ఇంటి పడకగది కిటికీ ఉంది. వాళ్లు అది ఎప్పుడూ మూసే ఉంచుతారు.

నాలుగో_ఫ్లాట్
ఎందుకు మూసి ఉంచుతారో ఆలోచించండి.

గాలిగొట్టం
నాలుగో_ఫ్లాట్ గారు చెప్పింది న్యాయం. ఫ్యాన్‌ను సందులోకి వదలకండి. గొట్టం పెట్టి డాబా మీదికి తీసుకెళ్లి, పిట్టగోడ కన్నా ఎత్తులో వదలండి. అప్పుడు మామూలు గోడ ఫ్యాన్ చాలదు, గొట్టంలో అమర్చే ఫ్యాన్ కావాలి. దాన్ని డాబా చివర పెడితే రెండు లాభాలు. చప్పుడు గదిలో వినిపించదు, గొట్టమంతా లోపలికి లాగే ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి అతుకుల దగ్గర పొగ ఇంట్లోకి కారదు. గొట్టం వంపులు ఎంత తక్కువైతే అంత మేలు.

గాలిమర_అనంత
పడమటి గోడ అన్నారు కదా, ఇంకో సంగతి. జూన్ నుంచి ఆగస్టు దాకా మన సీమలో గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి ఎంత జోరుగా వీస్తుందో తెలుసు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. పడమటి గోడకు ఫ్యాన్ పెడితే ఆ మూడు నెలలూ అది గాలికి ఎదురీదాలి. ఫ్యాన్ ఆపితే పొగ జిగురుతో సహా గాలి లోపలికి వస్తుంది. మా మేనమామ ఇంట్లో ఇదే జరిగింది, చివరికి ఫ్యాన్‌ను ఉత్తరం గోడకు మార్చారు. డాబా మీదికి గొట్టం తీసుకెళితే పైన టోపీలాంటి మూత పెట్టించండి. ఎటు గాలి వీచినా తిరగబడదు, వాన కూడా పడదు.

హోటల్_పని
పక్క ప్రశ్న. కడపలో మావాళ్లు ఒక హోటల్ కడుతున్నారు, అందులో సిగార్ గది పెట్టాలని యజమాని కోరిక. అనుమతి ఉంటుందా?

గాలిగొట్టం
2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, కోట్పా అంటారు, దాని కింద 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చూడండి. 30 గదులు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న హోటళ్లు, 30 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది కూర్చునే రెస్టారెంట్లు, విమానాశ్రయాలకు మాత్రమే ప్రత్యేక పొగ గది పెట్టుకునే వీలు ఇచ్చారు. ఆ గదికి నాలుగు వైపులా పూర్తి ఎత్తు గోడలు, దానంతట అదే మూసుకునే తలుపు ఉండాలి. గదిలో ఒత్తిడి చుట్టుపక్కల కన్నా తక్కువగా ఉండాలి. లోపలి గాలి నేరుగా బయటికి పోవాలి, భవనంలోని మిగతా గాలిలో కలవకూడదు. నేను కేసీకాలువ గారికి చెబుతున్నది ఇంచుమించు అదే. రాష్ట్ర నిబంధనలు వేరుగా ఏమైనా ఉన్నాయేమో మీ లాయరును అడిగి ముందుకు వెళ్లండి.

కడప_డాక్టరమ్మ
చుట్ట మానమనే సలహా వద్దన్నారు, సరే. నేను చెప్పేది పుట్టబోయే బిడ్డ గురించి.

గాలిగొట్టం గారు చెప్పినవన్నీ చేస్తే వాసన బాగా తగ్గుతుంది. దాన్ని చూసి ప్రమాదం కూడా పోయిందని అనుకోకండి. పక్కవాళ్లు పీల్చే పొగకు ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్య అధికారి (సర్జన్ జనరల్) నివేదిక 2006లోనే తేల్చి చెప్పింది. గాలి, ఏసీ వ్యవస్థలకు ప్రమాణాలు రాసే ఆష్రే సంస్థ ఇంజనీర్ల మాటా అదే. ప్రమాదాన్ని పూర్తిగా తీసేసే మార్గం లోపల కాల్చకపోవడం ఒక్కటేనని వాళ్లు రాశారు. పసిపిల్లల్లో ఊపిరితిత్తుల జబ్బులు, చెవి ఇన్ఫెక్షన్లు, నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం పోవడం, వీటన్నిటికీ ఈ పొగతో సంబంధం ఉంది.

ఇంకొకటి. పొగ పోయాక కూడా నికోటిన్ గోడలకు, బట్టలకు, చర్మానికి అంటుకుని ఉంటుంది. గ్యాస్ పొయ్యి లాంటివాటి నుంచి గాలిలోకి వచ్చే నైట్రస్ ఆమ్లంతో అది కలిసి క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లుగా మారుతుందని 2010లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల వాళ్లు చూపించారు. నేల మీద పాకే బిడ్డ, తాత ఒళ్లో కూర్చునే బిడ్డ దాన్ని చేతులతో తాకి నోట్లో పెట్టుకుంటుంది.

దేవుని_కడప
డాక్టరమ్మ గారూ, మా ఇళ్లలో అందరం తాతల చుట్ట పొగలోనే పెరిగాం. ఏమైంది? పెద్దాయనను ఇంట్లోంచి వెళ్లగొట్టమంటారా?

కడప_డాక్టరమ్మ
వెళ్లగొట్టమని ఎవరూ అనలేదు. ఏమైందని అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఉబ్బసంతో వచ్చే పిల్లలను రోజూ చూస్తాను. ఇంట్లో ఎవరు కాలుస్తారని అడిగితే చాలామంది తల్లులు తల దించుకుంటారు. బాగున్నవాళ్లు ఇక్కడ రాస్తున్నారు. బాగాలేనివాళ్లు మా దగ్గర కూర్చుని ఉంటారు.

చుట్ట పొగ మింగరు కాబట్టి ఏమీ కాదనే మాట కూడా తప్పు. ఆ పొగకు క్షారగుణం ఎక్కువ, అందువల్ల నికోటిన్ నోటి చర్మంలోంచే ఒంట్లోకి చేరుతుంది. శ్రీకాకుళం వైపు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిలికి క్యాన్సర్ రావడం మాకు చదువులోనే నేర్పుతారు. కేసీకాలువ గారూ, నాన్నగారి నోటిని ఏడాదికోసారి చూపించండి. మానే ఆలోచన ఆయనకే వస్తే కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను 1800 112 356 ఉంది.

కేసీకాలువ_గట్టు
డాక్టరమ్మ గారూ, మీరు చెప్పింది మొత్తం నాన్నకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర బిడ్డ వచ్చాక ఏం చేద్దాం అని ఆయనే అడిగారు.

ధర్మవరం_పట్టు
ఆ మాట అడిగారంటే సగం పని అయినట్టే. పెద్దవాళ్లకు ఆజ్ఞలు నచ్చవు, మనవరాలి పేరు చెబితే దేనికైనా వస్తారు.

బండల_మేస్త్రి
గోడలు, నేల గురించి ఎవరూ చెప్పలేదు. నేను బేతంచెర్ల. కేసీకాలువ గారూ, గదిలో నేల ఏమిటి?

కేసీకాలువ_గట్టు
కడప బండలు. గోడలకు సున్నం. కిటికీ పక్కన పసుపు రంగుకు తిరిగింది.

బండల_మేస్త్రి
పొగ మరకలకు వెనిగర్ మంచిదని చాలామంది చెబుతారు. గాజుకు వాడుకోండి, నేల మీద మాత్రం ఒక్క చుక్క పడనివ్వకండి. కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ అన్నీ సున్నపురాయి జాతివే. పులుపు తగిలితే పాలిష్ పోయి తెల్లగా మచ్చలు పడతాయి, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోవు. నిమ్మకాయ కూడా అంతే. బండలకు గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు చాలు. తుడిచిన నీళ్లు మార్చుతూ ఉండాలి, అవే నీళ్లతో తుడిస్తే జిగురు ఒక మూల నుంచి ఇంకో మూలకు పోతుంది.

గోడల మీద మళ్లీ సున్నం కొడితే పసుపు మరక బయటికి ఊరుతుంది. పాత సున్నం గీకి, గోడ ఆరాక, మరకను లోపలే బంధించే ఆయిల్ ప్రైమర్ ఒక కోటు వేసి, ఆ పైన కడుక్కోవడానికి వీలైన రంగు వేయించండి. పైకప్పు మరిచిపోవద్దు. పొగ ముందు పట్టేది అక్కడే, అందరూ వదిలేసేదీ అదే.

రాయదుర్గం_రాజు
ఓజోన్ మిషన్ అని ఒకటి వస్తోంది. గంటసేపు పెడితే వాసన మొత్తం పోతుందట. మా బంధువు ఒకరు అమ్ముతున్నారు.

కడప_డాక్టరమ్మ
మనుషులున్న ఇంట్లో అది వద్దు. ఓజోన్ ఊపిరితిత్తులను మండిస్తుంది. వృద్ధులకు, గర్భిణికి, పసిబిడ్డకు అది ఇంకా చెడ్డది.

గాలిగొట్టం
నాదీ అదే మాట. పైగా ఓజోన్ పొగలోని పదార్థాలతో కలిసి కొత్త చికాకు వాయువులను పుట్టిస్తుంది. ఆ డబ్బుతో తలుపుకు స్ప్రింగు పెట్టించండి, దానంతట అదే మూసుకునేది. పెద్ద ఫ్యాన్ పెట్టినా పూర్తిగా తెరిచిన తలుపులో గాలి లాగుడు దాదాపు తెలియనంత తక్కువగా ఉంటుంది. ఒకరు టీ తెచ్చి తలుపు తెరిచి నిలబడి మాట్లాడితే ఆ కాసేపట్లో హాల్లోకి చాలా పొగ వస్తుంది.

మిద్దెఇల్లు
మా ఇంట్లో అయితే టీ ఇచ్చి ఊరి రాజకీయాలన్నీ మాట్లాడి వస్తారు. స్ప్రింగు ఎంత గట్టిదైనా మా అత్తను ఆపలేదు.

ధర్మవరం_పట్టు
చుట్ట ముక్కల సంగతి. సగం కాలిన ముక్క, బూడిద వదిలే వాసన కాల్చేటప్పటి కన్నా మొండిది. ఇసుక వేసిన మూత డబ్బా పెట్టండి, రోజూ బయట పారేయండి. నీళ్లలో వేస్తే ఆ నీళ్లు ఇంకా కంపు కొడతాయి.

కేసీకాలువ_గట్టు
జరిగింది రాస్తున్నాను. కూలర్‌ను హాలు కిటికీకి మార్చాం. తలుపు కింద జాలీ, స్ప్రింగు పెట్టించాం. ఫ్యాన్‌ను డాబా మీద, పక్కింటి కిటికీకి దూరంగా అమర్చి, అక్కడి నుంచి గదిలోకి గొట్టం దించాం. పరదా, బీరువా బయటికి వచ్చేశాయి. ప్రైమర్ పని సగం అయింది. అగరుబత్తి పొగ ఇప్పుడు జాలీలోంచి జోరుగా గదిలోకి వెళుతోంది, కూలర్ నిండుగా తిరుగుతున్నా సరే. హాల్లో వాసన చాలా తగ్గింది. మెట్ల మీద అసలు లేదు. పక్కింటివాళ్లకు కూడా చెప్పి వచ్చాను.

నాన్నకు మొదట గది వేడిగా అనిపించింది. జాలీ ఎదురుగా ఆయన కాళ్లకు చల్లగాలి తగిలేలా కుర్చీ పెడితే పొగ ఎక్కువైంది. మళ్లీ గొట్టం దగ్గరికి జరిపి టేబుల్ ఫ్యాన్ పెట్టాం. ఇప్పుడు ఫరవాలేదంటున్నారు.

బిడ్డ వచ్చాక పొద్దున, సాయంత్రం పెరట్లో వేపచెట్టు కింద కాలుస్తానన్నారు, అక్కడ చెయ్యి ఆనించే కుర్చీ ఒకటి వేస్తున్నాం. మధ్యాహ్నం చుట్ట మీద ఇంకా మాట కుదరలేదు. ఎండలో కూర్చోమని నేను అడగలేను.

కడప_డాక్టరమ్మ
చాలా మంచి మాట. బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు, నోరు కడుక్కుని పైబట్ట మార్చుకోమనండి. కాల్చేటప్పుడు వేసుకునే చొక్కా ఒకటి ఆ గదిలోనే మేకుకు తగిలించండి. మధ్యాహ్నం ఆయన కాల్చినంత సేపూ, ఆ తర్వాత ఫ్యాన్ నడిచినంత సేపూ తల్లీబిడ్డలు పై గదిలో తలుపు వేసుకుని ఉండాలి. ఆ ప్యూరిఫైయర్‌ను కూడా ఫిల్టర్లు కొత్తవి వేసి పై గదిలోకి మార్చండి, అక్కడ దానికి చేయగలిగిన పని ఉంటుంది.

నాలుగో_ఫ్లాట్
పక్కింటికి వెళ్లి చెప్పి వచ్చినందుకు మీకు దండం.

దేవుని_కడప
గాలిగొట్టం గారూ, మా నాన్న గది 14 × 11, ఎత్తు 9 అడుగులు. కూలర్ లేదు. నాకు ఎంత ఫ్యాన్ కావాలి? డాక్టరమ్మ గారు చెప్పింది చదివాక ఇంట్లో కాసేపు మాట్లాడుకున్నాం.

గాలిగొట్టం
1,386 ఘనపుటడుగులు, అంటే 39 ఘనమీటర్లు. 15తో హెచ్చిస్తే గంటకు దాదాపు 590. 800 నుంచి 900 ఘనమీటర్లు రాసి ఉన్న ఫ్యాన్ తీసుకోండి. కొనే ముందు అగరుబత్తి పరీక్ష చేసి, గది పడమటి వైపు ఉందో లేదో, ఫ్యాన్ వదిలే చోటుకు ఎదురుగా ఎవరి కిటికీ ఉందో ఇక్కడ రాయండి.